మట్టి సర్దేవాళ్ల ఆట

అమెరికాలోని మినియాపొలిస్ నగరం నుంచి ఆగ్నేయంగా గంటలోపు ప్రయాణిస్తే మైస్‌విల్ వస్తుంది. జనాభా 150 కూడా లేదు. అంత చిన్న ఊళ్లో ఫ్లడ్‌లైట్లు, గ్యాలరీ ఉన్న బేస్‌బాల్ మైదానం ఉంది. పేరు జాక్ రూర్ ఫీల్డ్. అక్కడి జట్టు మడ్‌హెన్స్ మినసోటా రాష్ట్రస్థాయి అమెచ్యూర్ టోర్నమెంటును పలుమార్లు గెలిచింది.

ఈ భాగ్యం మైస్‌విల్‌ ఒక్కదానిదే కాదు. జోర్డన్, డండాస్, కోల్డ్ స్ప్రింగ్ లాంటి ఊళ్లకూ సొంత మైదానాలు, సొంత జట్లు ఉన్నాయి. ఆడేవాళ్లంతా చుట్టుపక్కలవాళ్లే. పగలంతా పొలంలోనో, ఆఫీసులోనో, బడిలోనో పనిచేసి సాయంత్రం చొక్కా మార్చుకుని వస్తారు. జీతాలు లేవు. ఈ ఆటను అక్కడివాళ్లు టౌన్ బాల్ అంటారు. రాష్ట్ర టోర్నమెంటు 1924లో మొదలైంది. 1950 నాటికి మినసోటాలో 799 జట్లు ఉండేవి. తర్వాత ఇళ్లలోకి టీవీ వచ్చింది, 1961లో ట్విన్స్ పేరుతో మేజర్ లీగ్ జట్టూ వచ్చింది. చాలా ఊళ్లలో ఆట ఆగిపోయింది. అయినా ఈనాటికీ వందల జట్లు ఆడుతున్నాయి.

ఎలా నిలిచిందంటే నేను మైదానం మట్టినే చూపిస్తాను. ఆడేవాళ్లు ప్రతి తరంలోనూ పుడతారు. ఆట అయ్యాక మైదానాన్ని సర్ది ఇంటికి వెళ్లేవాళ్లు ఉన్న చోటే ఆట మిగులుతుంది.

బంతి విసిరే పిచర్ నిలబడే మౌండ్‌నే తీసుకోండి. అది 18 అడుగుల వెడల్పున్న గుండ్రటి మట్టి దిబ్బ. పైన 24 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పున్న తెల్లటి రబ్బరు పలక పాతి ఉంటుంది. ఆ పలక, బ్యాటర్ పక్కన ఉండే హోమ్ ప్లేట్ కన్నా 10 అంగుళాలు ఎత్తులో, 60 అడుగుల 6 అంగుళాల దూరంలో ఉండాలి. పలకకు 6 అంగుళాల ముందు నుంచి అడుగుకు ఒక అంగుళం చొప్పున వాలు దిగాలి. పిచర్ బంతి విసిరిన ప్రతిసారీ ముందుకాలు ఆ వాలు మీద ఒకే చోట పడుతుంది. తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యేసరికి అక్కడ గుంత పడుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే మర్నాటి పిచర్‌కు కాలు ఆనే చోటు కిందికి జారుతుంది, బంతి గురి తప్పుతుంది, భుజం మీద భారం పడుతుంది.

అందుకే ఆట ముగియగానే ఒకరు చీపురుతో ఆ గుంతలోని వదులు మట్టినంతా ఊడ్చేస్తారు. గట్టిపొర కనిపించాక నీళ్లు చిలకరించి తడి లోపలికి ఇంకనిస్తారు. అప్పుడు తడిపిన బంకమట్టి వేసి, దిమ్మిసతో కొట్టి, ఇంకో పొర వేసి మళ్లీ కొడతారు. పొడిమట్టి మీద పొడిమట్టి వేస్తే రెండూ కలవవు, మర్నాడు మొదటి ఇన్నింగ్స్‌లోనే పెచ్చులుగా లేచిపోతుంది. చివర వాలు సరిచూసి పట్టా కప్పుతారు. బ్యాటర్ నిలబడే చోటా ఇదే పని.

బేస్‌ల చుట్టూ ఉండే ఇన్‌ఫీల్డ్ మట్టిని ఇనుప వలలాంటి చాపతో లాగుతారు. నెమ్మదిగా లాగాలి, ఒక్కో రోజు ఒక్కో దిశలో లాగాలి, పచ్చిక అంచుకు కొంచెం ఇవతలే ఆగాలి. లేకపోతే మట్టి అంచున చేరి గట్టులా పెరుగుతుంది. నేల మీద దొర్లుతూ వచ్చే బంతి దానికి తగిలి ఫీల్డర్ ముఖం మీదికి లేస్తుంది. వాన నీళ్లను చీపురుతో తోసేయడం ఇంకో తప్పు. నీళ్లతోపాటు మట్టీ పోయి, మళ్లీ వచ్చే వానకు ఆ మడుగు ఇంకా పెద్దదవుతుంది. స్పాంజితో పీల్చి, తడిని లాగే కాల్చిన బంకమట్టి గుళికలు చల్లడమే సరైన పద్ధతి. గీతలకు మన ముగ్గుపిండి లాంటి సున్నపురాతి పొడి వాడతారు.

మైదానం దిశకూ లెక్క ఉంది. హోమ్ ప్లేట్ నుంచి రెండో బేస్ వైపు గీత తూర్పు-ఈశాన్యంగా సాగితే మంచిదని బేస్‌బాల్ నియమావళి చెబుతుంది. అలా ఉంటే సాయంత్రం ఎండ బ్యాటర్ వీపు వెనక నుంచి వస్తుంది. ఆ ఎండ బాధ రైట్ ఫీల్డర్ పడతాడు.

మట్టి తర్వాత నేను అంత విలువిచ్చేది స్కోరు పుస్తకానికి. పిచర్ 1, క్యాచర్ 2 అంటూ తొమ్మిది స్థానాలకూ అంకెలుంటాయి. 6-4-3 అని రాస్తే, బంతి షార్ట్‌స్టాప్ నుంచి రెండో బేస్‌మన్‌కు, అక్కడి నుంచి మొదటి బేస్‌మన్‌కు వెళ్లి ఇద్దరు అవుటయ్యారని అర్థం. ఊరి పత్రికలు ఆ లెక్కలను అచ్చువేసేవి. వాటి ఫలం జాన్ డొనాల్డ్‌సన్ విషయంలో కనిపిస్తుంది. ఆయన నల్లజాతి పిచర్, ఎడమచేతివాటం. రంగు కారణంగా మేజర్ లీగ్ తలుపులు ఆయనకు మూసుకుపోయాయి. 1920లలో మినసోటాలోని బెర్తా అనే చిన్న ఊరు ఆయన్ను పిలిచి, డబ్బిచ్చి ఆడించుకుంది. దశాబ్దాల తర్వాత పరిశోధకులు ఊళ్ల పాత పత్రికలు తిరగేసి, ఆయన 400కు పైగా విజయాలనూ 5,000కు పైగా స్ట్రైకౌట్లనూ లెక్కతేల్చారు. పెద్ద లీగ్ పుస్తకాలకెక్కని ప్రతిభను చిన్న ఊళ్ల కాగితాలు కాపాడాయి.

జిమ్ ఐజన్‌రైక్ అనే ఆటగాడి కథా ఇక్కడిదే. 1982లో ట్విన్స్‌కు ఆడటం మొదలుపెట్టి, టూరెట్ సిండ్రోమ్ అనే నరాల సమస్య వల్ల 1984లో తప్పుకున్నాడు. సొంతూరు సెయింట్ క్లౌడ్‌లో అమెచ్యూర్ జట్టుకు ఆడి, 1987లో మేజర్ లీగ్‌కు తిరిగి వెళ్లాడు. 1997లో వరల్డ్ సిరీస్ గెలిచిన ఫ్లోరిడా మార్లిన్స్ జట్టులో ఉన్నాడు. పడిపోయినవాడు మళ్లీ లేవడానికి ఇంటి దగ్గర ఒక మైదానం సిద్ధంగా ఉండటం ఎంత పెద్ద సాయమో ఆయన్ను చూస్తే తెలుస్తుంది.

మినియాపొలిస్, సెయింట్ పాల్ ప్రాంతంలో ఉండే తెలుగువారికి నా మాట ఒకటి. ఈ వేసవిలో పిల్లలను తీసుకుని మీకు దగ్గరలోని ఊరి మైదానానికి వెళ్లండి. ఆట మొదలవడానికి గంట ముందే చేరుకుంటే మట్టి తడపడం, గీతలు గీయడం కళ్లారా చూడొచ్చు. ఆట అయ్యాక వెంటనే కారెక్కకండి. మౌండ్ సర్దేవాళ్ల దగ్గరికి వెళ్లి, మేమూ ఒక చేయి వెయ్యొచ్చా అని అడగండి.