గొంతులో కాసిన కాయలు

భారతం చూడనివాళ్లకు ముందు తపస్సు మాను సంగతి చెప్పాలి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ద్రౌపదమ్మ గుడి, ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్లలో భారతం పెడతారు. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. చాలాచోట్ల పద్దెనిమిది రోజులు. అర్జునుడి తపస్సు నాడు మైదానంలో ఎత్తయిన మాను నాటుతారు. అర్జున వేషం కట్టినవాడు పద్యాలు పాడుకుంటూ మెట్టుమెట్టుగా దాన్ని ఎక్కుతాడు. పైకి చేరాక విభూతి, నిమ్మకాయలు కిందికి విసురుతాడు. పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు కొంగులు పడతారు.

అందరి కళ్లూ ఆ కొంగుల మీదే ఉంటాయి. నాకేమో అర్జునుడి మెడ మీదికి పోతుంది చూపు. నరాలు తాళ్లలాగా లేచి ఉంటాయి. చేతులతో ఒళ్లంతా పైకి లాక్కునేటప్పుడు రొమ్ము బిగబట్టాలి, దానికోసం గొంతులోని స్వరతంత్రులు గట్టిగా మూసుకుంటాయి. మూట ఎత్తే హమాలీ నోట ‘హుఁ’ అని వచ్చేది అందుకే. పద్యం పాడాలంటే మాత్రం అవే తంత్రులు తేలిగ్గా తాకుతూ విడిపోతూ ఉండాలి. ఎక్కడమూ పాడటమూ ఒకేసారి అంటే, తలుపు గడియ పెట్టి తోసినట్టే. పైగా హార్మోనియం నాలుగు శ్రుతిలో ఉంటుంది. ఆ శ్రుతిలో పైషడ్జం పట్టుకుంటే రెండు తంత్రులూ సెకనుకు దాదాపు 350 సార్లు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. అర నిమిషం రాగం తీస్తే పదివేల దెబ్బలు. ‘వన్స్ మోర్’ అని అరిచేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

నాకు తెలిసిన ఒకతను ఏళ్ల తరబడి అర్జునుడు కట్టాడు. పొద్దున టమోటా మార్కెట్టులో ఒక మండీలో వేలం పాడేదీ అతనే. క్రేట్ల వరసల మధ్య, లారీల హారన్ల మధ్య, రైతుకూ వ్యాపారికీ ఒకేసారి వినబడాలి. ధర కిలో రెండు రూపాయలకు పడిపోయినా, 2023 వేసవి దాటాక మాదిరి రెండు వందల దగ్గరికి ఎగబాకినా, అరుపు అరుపే. మొదట పైస్థాయిలో స్వరం జారడం మొదలైంది. తర్వాత మాట్లాడితే మాటకు ముందు గాలి వచ్చేది. సాయంత్రానికి బొంగురు. ‘కరక్కాయ బుగ్గన పెట్టుకుంటా ఉండాన్నా, అదే తగ్గిపోతాది’ అన్నాడు.

కరక్కాయ, మిరియాల పాలు, పటికబెల్లం మింగే గొంతుకు హాయిగానే ఉంటాయి. కానీ మింగినదేదీ స్వరతంత్రులను తాకదు. తాకిందంటే పొలమారినట్టే. అక్కడిదాకా పోయేది పీల్చుకునే ఆవిరి లాంటివే.

ఇంట్లోవాళ్ల భయం వేరు. గొంతు బొంగురు పోతే క్షయేమో అని అడగడం మా మదనపల్లెలో పాత అలవాటు. 1915 నుంచీ ఊరి పక్కనే ఆరోగ్యవరం శానిటోరియం ఉన్న చోట ఆ అనుమానం రాకపోతేనే ఆశ్చర్యం. అది అర్థం లేని భయం కూడా కాదు, గొంతుకు క్షయ సోకుతుంది. మందులు లేని కాలంలో దానికి ఇచ్చిన చికిత్సల్లో మౌనం ఒకటి.

చివరకు ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి ఇద్దరమూ పోయాం. ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి తెర మీద చూపించారు. ముత్యం రంగు తంత్రులు రెండు. ముందు నుంచి మూడో వంతు దగ్గర, ఎదురెదురుగా, నువ్వుగింజంత తెల్లటి బొడిపెలు. ఊపిరి తీసుకుంటే విడిపోతున్నాయి. ‘ఈ...’ అనమంటే బొడిపెలు రెండూ ముందే తగులుకుంటున్నాయి, వాటికి అటూ ఇటూ సందు మిగులుతోంది. మాటకు ముందు వచ్చే గాలి ఆ సందులోదే. దెబ్బ ఎక్కువ పడేది సరిగ్గా అక్కడే కాబట్టి కాయలూ అక్కడే కాస్తాయి. క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారేవీ కావు.

తన గొంతును మొదట ఇలా చూసుకున్నది వైద్యుడు కాదు, పాటల మాస్టారు. 1854లో మాన్యుయెల్ గార్సియా చిన్న అద్దం ఒకటి గొంతులో పెట్టుకుని, చేతి అద్దంతో ఎండను లోపలికి తిప్పి, తన తంత్రులు కదలడం చూశాడు. పాటగాడికి ఉన్న ఆరాటం అలాంటిది.

‘కోసి తీసేయండి సార్, మళ్లీ నెలలో భారతం ఉంది’ అన్నాడు మావాడు. డాక్టరు ఒప్పుకోలేదు. కోస్తే పోతాయి, అదే అరుపు అరిస్తే మళ్లీ వస్తాయి. కత్తి పెట్టిన చోట మచ్చ పడితే అసలుకే మోసం. బ్రిటిష్ నటి, గాయని జూలీ ఆండ్రూస్ 1997లో గొంతు ఆపరేషన్ తర్వాత పాడే గొంతునే పోగొట్టుకుంది. ఇలాంటి కాయలకు మొదటి వైద్యం వాయిస్ థెరపీ. గొంతు తక్కువ వాడటం, నీళ్లు తాగడం, గొంతు సవరించుకోవడం మానడం, ఊపిరి మీద పాడటం మళ్లీ నేర్చుకోవడం. గుసగుసలాడితే విశ్రాంతి అనుకుంటారు గానీ, చాలామందికి అదీ శ్రమే.

నన్నడిగితే తప్పు అతని ఒక్కడిది కాదు. మా ఊరి నీరుగట్టువారిపల్లెలో మగ్గం నేసేవాళ్ల చేతుల్లో కాయలు చూసి కష్టం అంటాం. గొంతులోది కంటికి కనబడదు గనక ‘సాధన తగ్గింది’ అనేస్తాం. మైకు లేని రోజుల్లో ఊరి చివరికి వినబడటానికి పెట్టుకున్న ఎత్తు శ్రుతి, మైకు వచ్చాక కూడా దిగలేదు. అదే మగతనం, అదే విద్వత్తు. చుట్టూ చప్పుడులో తన గొంతు తనకు వినబడకపోతే మనిషి తెలియకుండానే స్వరం పెంచుతాడని లొంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు 1911లోనే రాశాడు. మన స్పీకర్లన్నీ జనం వైపే తిరిగి ఉంటాయి. మద్దెల చెవి పక్కనే మోగుతుంటే నటుడికి తన పద్యం తనకే అందదు. మరి అరవక ఏంచేస్తాడు?

మావాడు ఆ ఏడు అర్జునుడు కట్టలేదు. ధర్మరాజు వేషానికి మారి, ఒకటిన్నర శ్రుతికి దిగాడు. మార్కెట్టులో చేతి మైకు అడిగి తీసుకున్నాడు. గొంతు చాలావరకు తేరుకుంది, పూర్తిగా కాదు.

భారతం పెట్టే కమిటీ పెద్దలకు నా మనవి ఇది. ఒకే వేషగాణ్ని వరసగా రాత్రులు పాడించకండి. హార్మోనియం ఆయన్ను ఒక శ్రుతి తగ్గించమనండి. మూడు వారాలు దాటి గొంతు బొంగురుగా ఉన్నవాళ్లను చందా డబ్బులతోనైనా ఈఎన్‌టీకి పంపండి. ఒక స్పీకరు మాత్రం తప్పకుండా నటుల వైపు తిప్పి పెట్టండి.