శాస్త్రజ్ఞుల చరిత్రలలో కానరాని ఉద్యోగపర్వము

తెలుగులో శాస్త్రజ్ఞుల జీవిత చరిత్రలకు కొదువ లేదు. బాల్యము, పేదరికము, విదేశ ప్రయాణము, ఆవిష్కరణ, బిరుదులు - ఈ వరుస వానిలో తరచుగా కనిపించును. డాక్టరేటు పట్టము చేతికి వచ్చిన నాటి నుండి స్థిరమైన పదవి లభించు వరకు ఆ శాస్త్రజ్ఞుడు ఎక్కడ, ఎవరివద్ద, ఏ వేతనముపై పనిచేసెనో సాధారణముగా ఒక్క వాక్యముతో దాటివేయుదురు. ఇది చిన్న లోపము కాదు. పరిశోధనను వృత్తిగా ఎన్నుకొను విద్యార్థికి కావలసిన సమాచారము అక్కడనే ఉన్నది.

వైను బప్పు చరిత్రను చూడుడు. హైదరాబాదు పాత నగరములోని జహనుమాకు అనతిదూరమున ఫిసల్‌బండ కలదు. 1901లో నవాబు జఫర్ జంగు నిజామియా వేధశాలకు అంకురార్పణ చేసినది అక్కడనే. తరువాత అది బేగంపేటకు తరలి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఆధీనమునకు వచ్చెను. బప్పు తండ్రి ఆ వేధశాలలో ఉద్యోగి. కుమారుడు నిజాం కళాశాలలో చదివి, హైదరాబాదు ప్రభుత్వ విద్యార్థివేతనముపై హార్వర్డు చేరి, 1949లో ఒక తోకచుక్కను కనుగొనెను. చరిత్రలు ఈ ఘట్టమును విస్తరించి చెప్పును.

విద్యార్థికి అంతకంటె ముఖ్యమైనది 1952 తరువాతి కథ. పట్టము రాగానే బప్పుకు కార్నెగీ ఫెలోషిప్పు లభించెను. దానితో పాలొమార్ వేధశాలలోని పెద్ద దూరదర్శిని, ఓలిన్ విల్సన్ వంటి సహచరుడు, తీరిక - మూడును సమకూడినవి. సూర్యునివంటి, అంతకంటె చల్లనైన నక్షత్రముల వర్ణపటములో కాల్షియం 'కె' రేఖ నడుమ ఒక ప్రకాశభాగము కనిపించును. దాని వెడల్పును కొలిచి నక్షత్రపు నిజకాంతిని అంచనా కట్టవచ్చునని వారిరువురు చూపిరి. నిజకాంతి తెలిసిన, దూరము తెలియును. ఈ ఫలితము 1957లో ప్రకటితమయ్యెను. బప్పు స్వదేశమునకు వచ్చినది 1953లో. అనగా ఫెలోషిప్పు కాలములో నాటిన విత్తు, అది ముగిసిన పిమ్మట ఫలించెను. పదవియు తాను పెరిగిన హైదరాబాదులో గాక, ఉత్తరప్రదేశ్ ప్రభుత్వ వేధశాలలో దొరికెను.

యల్లాప్రగడ సుబ్బారావు కథ మరియొక విధమైనది. 1925లో ఫిస్కేతో కలిసి ఫాస్ఫరసును కొలుచు పద్ధతిని ప్రకటించియు, 1930లో డాక్టరేటు పొందియు, హార్వర్డులో స్థిరపదవి లభింపక 1940లో లెడర్లీ ఔషధ సంస్థకు వెళ్ళెను. చరిత్రలు దీనిని అన్యాయమని వాపోవును. అన్యాయమే కావచ్చును. కాని విశ్వవిద్యాలయము వెలుపల కూడ పరిశోధన సాగునను పాఠము అందులో ఉన్నది. బోదకాలు వ్యాధికి వాడు డైఇథైల్‌కార్బమజైన్ ఆ సంస్థనుండియే వచ్చెను.

జహనుమా నుండి ఉస్మానియాకు వెళ్ళి నేడు పట్టము పొందు యువతికి జాతీయ పోస్టు డాక్టోరల్ ఫెలోషిప్పు వంటి మార్గములున్నవి. దాని గడువు 2 సంవత్సరములే. దరఖాస్తుకు ముందే మార్గదర్శకునొకరిని వెదకి ఆయన సమ్మతి పొందవలెను. వారి వ్యాసములు చదివి, తాను చేయదలచిన పనిని స్పష్టముగా వ్రాసిన ఉత్తరమునకే విలువ. బప్పు ఫలితమునకు పట్టిన కాలమును తలచినచో, 2 సంవత్సరముల గడువు ఎంత ఇరుకైనదో బోధపడును. తొందరగా తేలు సమస్యలనే యువకులు ఎన్నుకొనుటలో ఆశ్చర్యము లేదు. గడువును నిర్ణయించువారు దీనిని ఆలోచింపవలెను.

చరిత్ర రచయితలు ప్రతిభను పొగడుట మానవలసిన పనిలేదు. ఆ ప్రతిభకు ఎవరు, ఎంతకాలము జీతమిచ్చి నిలిపిరో కూడ వ్రాసిన చాలును. అప్పుడే ఆ గ్రంథము పూజకే గాక, దారి వెదకుటకును పనికివచ్చును.