వైరస్‌ను తట్టుకొనే బొప్పాయి: ఒక మాటపై విమర్శ

వనపర్తి జిల్లా గోపాల్‌పేట ప్రాంతపు ఎర్ర చెలకలో బొప్పాయి వేయదలచిన రైతు నర్సరీలో ముందుగా అడుగవలసిన ప్రశ్న "దీనికి వైరస్ వచ్చునా?" అన్నది. "ఇది వైరస్‌ను తట్టుకొనే రకం" అన్న జవాబు వినగానే, ఇక తెగులు రాదని ఎవరైనా అనుకొందురు. శాస్త్రంలో ఆ మాటకు అర్థం అది కాదు. ఈ రెండర్థాల నడుమ గల దూరమే తోటకు చేటు.

బొప్పాయికి ప్రధాన శత్రువు రింగ్‌స్పాట్ వైరస్. 1949లో జెన్సన్ అనే శాస్త్రజ్ఞుడు హవాయిలో ఈ తెగులుకు ఆ పేరు పెట్టాడు. ఇది సోకిన మొక్క ఆకులలో పసుపు, పచ్చ చాయలు కలగలిసి కనిపించును. తెగులు ముదిరితే ఆకులు దారాలవలె సన్నబడును. కాడలపై నూనె మరకలవంటి చారలు, కాయలపై వలయాలు ఏర్పడును. పేనుబంక రోగపు మొక్కపై కొద్ది క్షణాలు వాలి ముట్టె గుచ్చితే చాలు, ప్రక్క మొక్కకు వైరస్‌ను చేర్చగలదు. మందు చల్లినా, పురుగు చచ్చేలోపలే వైరస్ అంటుకొనును. కావుననే శాస్త్రజ్ఞులు మందును నమ్ముకొనక, మొక్కనే మార్చుటకు పూనుకొన్నారు.

ఇచట రెండు గుణాలను వేరుచేసి చూడవలెను. నిరోధకశక్తి గల మొక్కలో వైరస్ వృద్ధి చెందదు, లేదా చాల స్వల్పంగా చెందును. సహనశక్తి గల మొక్కలో వైరస్ పెరుగుతూనే ఉండును. అయినా చెట్టు కొంత కాపు ఇచ్చును. తైవాన్ నుండి వచ్చిన 'రెడ్ లేడీ' అనే సంకరరకం ఈ రెండవ కోవకు చెందినది. రైతుకు కాపు దక్కుట మేలే. కాని పైకి బాగుగా కనబడే ఆ చెట్టే పొరుగు తోటలకు వైరస్ నిలయం కావచ్చును. లేత వయసులో తెగులు సోకితే ఆ సహనశక్తి కూడ అంతగా అక్కరకు రాదు.

బలమైన నిరోధకశక్తి కోసం శాస్త్రజ్ఞులు దక్షిణ అమెరికాకు చెందిన 'వాస్కోన్సెల్లియా' అనే అడవి బంధువులను ఆశ్రయించారు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ కూడ ఇట్టి సంకరాలపై పనిచేసింది. అయితే ఈ చుట్టరికం దూరపుది. పిండం మధ్యలోనే నశించుట, పుట్టిన సంకరం గొడ్డుపోవుట తరచు జరుగును.

హవాయి శాస్త్రజ్ఞులు మరొక దారి పట్టారు. 1992లో అచటి పూనా ప్రాంతపు తోటలలో తెగులు బయటపడి వ్యాపించింది. డెన్నిస్ గొన్సాల్వెస్ బృందం వైరస్ పైపొరకు చెందిన జన్యువును బొప్పాయిలో ప్రవేశపెట్టింది. 1998లో 'రెయిన్‌బో', 'సన్అప్' రకాలు రైతులకు అందినవి. హవాయి బొప్పాయి సాగు నిలిచింది. ఇది గొప్ప విజయమే. అయితే చొప్పించిన జన్యువుతో పోలిక గల వైరస్‌నే మొక్క గుర్తించి నాశనం చేయును. ఇతర దేశాల వైరస్ తెగలకు రెయిన్‌బో లొంగిపోయినట్లు ప్రయోగాలు చూపినవి. ఒక ఇంటి తాళపుచెవి వేరొక ఇంటికి పట్టదు. పైగా మన దేశంలో అట్టి బొప్పాయి సాగుకు అనుమతి లేదు.

లోపం పరిశోధనలో లేదు. దానిని ఒకే మాటలో కుదించి అమ్ముటలో ఉన్నది. ఏ తెగ వైరస్‌పై, ఏ వయసు మొక్కపై, ఏ ప్రాంతంలో పరీక్షించారో, కాపు ఎంత తగ్గిందో చెప్పని "తట్టుకొనే రకం" సగం సత్యమే. వనపర్తి జిల్లాలోనే మోజెర్లలో ఉద్యాన కళాశాల ఉన్నది. ఈ నేలలో పరీక్షించిన అంకెలను రైతు ముందుంచుట అట్టి సంస్థలకు తగిన పని.

అంతవరకు నారును వలకింద పెంచుట, తోట దగ్గర దోస, గుమ్మడి జాతులు వేయకుండుట, రోగపు మొక్కను కనబడగానే పెరికివేయుట మానరాదు. బడిలో ఉపాధ్యాయుడు నిరోధకశక్తిని గూర్చి చెప్పునపుడు "చెట్టు బ్రతికినదా?" అని మాత్రమే కాక, "చెట్టులో వైరస్ ఉన్నదా?" అని కూడ విద్యార్థులచేత అడిగించవలెను. ఆ రెండవ ప్రశ్నతోనే అసలు పాఠం మొదలగును.