సైలెన్సర్ మారితే కార్బొరేటర్ లెక్క

మోటారు సైకిలుకు సైలెన్సర్ మార్చడాన్ని షోకుగానూ, కార్బొరేటర్ సరిచేయడాన్ని మరమ్మతుగానూ విడివిడిగా చూసే అలవాటు చాలామందిలో ఉన్నా, ఇంజిన్ విషయంలో అవి ఒకే పనికి రెండు కొసలు; పొగ పోయే దారిని వెడల్పు చేసినవారు పెట్రోలు వచ్చే దారిని కూడా మళ్లీ కొలుచుకోవలసిందే. ఈ చిక్కు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లో పాత బుల్లెట్ల రూపంలో మెకానిక్ షెడ్డుకు చేరుతుంది.

కార్బొరేటర్‌లో గాలి వెళ్లే గొట్టం మధ్యలో సన్నబడుతుంది. వెంచురి అని పిలిచే ఆ ఇరుకు చోట గాలి వేగం పెరిగి పీడనం తగ్గడంతో, కింది ఫ్లోట్ గిన్నెలోని పెట్రోలు జెట్ అనే సన్నని రంధ్రం గుండా పైకి లేచి గాలిలో కలుస్తుంది. పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువులో దాదాపు 14.7 వంతుల గాలికి ఒక వంతు ఇంధనం అవసరమని లెక్క. కంపెనీవారు జెట్ల కొలతలను నిర్ణయించేది తాము బిగించిన సైలెన్సర్‌ను దృష్టిలో పెట్టుకునే. పొగను అడ్డగించి చప్పుడును తగ్గించే లోపలి పలకలను తీసివేసినప్పుడు సిలిండర్‌లో కాలిన వాయువు తక్కువగా మిగిలి, కొత్త గాలికి చోటు పెరుగుతుంది. జెట్లు మాత్రం పాతవే కావడం వల్ల, ముఖ్యంగా కాలుష్య నిబంధనల కోసం మొదటినుంచీ పెట్రోలును పొదుపుగా ఇచ్చే బండ్లలో, మిశ్రమం పలచబడుతుంది. దీనినే మెకానిక్‌లు లీన్ అంటారు. పెట్రోలు పాలు ఎక్కువైతే అది రిచ్.

లీన్ అయిన బండి యాక్సిలరేటర్ వదలగానే సైలెన్సర్‌లో టపటపమని పేలుతుంది, పికప్ ఇవ్వవలసిన చోట తడబడుతుంది, మామూలుకంటే ఎక్కువగా వేడెక్కుతుంది. అయితే సైలెన్సర్ బెండ్ పైపు ఇంజిన్‌ను కలిసే చోట గాస్కెట్ సరిగా కూర్చోకపోయినా అదే పేలుడు వినిపిస్తుంది కనుక, ఎయిర్ ఫిల్టర్, కార్బొరేటర్‌ను ఇంజిన్‌తో కలిపే రబ్బరు, పైపు అతుకు, టాపెట్ సందు అనే నాలుగింటినీ పరీక్షించిన తరువాతే స్క్రూ డ్రైవర్ పట్టడం మంచి పనివారి పద్ధతి.

ఆ తరువాతి పనికి ఒక వరుస ఉన్నది. ఇంజిన్ బాగా వేడెక్కాక స్లో సెట్టింగ్, అంటే యాక్సిలరేటర్ తిప్పనప్పటి సర్దుబాటు, చేయాలి. మిశ్రమం స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే దానిని విప్పేకొద్దీ గాలి పెరిగి మిశ్రమం పలచబడుతుంది, ఇంజిన్ వైపు ఉంటే విప్పేకొద్దీ పెట్రోలు పెరిగి చిక్కబడుతుంది. ఈ తేడా తెలియకుండా తిప్పితే ప్రయత్నమంతా ఎదురు దిశలో సాగుతుంది. యాక్సిలరేటర్ పావు వంతు నుంచి ముప్పావు వంతు వరకు అధికారం సూదిది, అంటే నీడిల్‌ది. పాత మిక్‌కార్బ్ కార్బొరేటర్లలో ఆ సూది తలవైపు వరుసగా సన్నని గాడులు ఉంటాయి. వాటిలో ఒకదానికి పట్టించిన చిన్న క్లిప్‌ను ఒక గాడి కిందికి దించితే సూది ఆ మేరకు పైకి లేచి, చుట్టూ సందు పెరిగి, పెట్రోలు ఎక్కువగా వస్తుంది. గాడులు లేని సూదులకు తల కింద పలుచని వాషర్ వేస్తారు. పూర్తి యాక్సిలరేటర్ మీద మాత్రమే మెయిన్ జెట్ కొలత నిర్ణాయకమవుతుంది కాబట్టి, స్లోలో వచ్చిన జబ్బుకు మెయిన్ జెట్ మార్చడం వృథా. ఒకసారికి ఒకే మార్పు చేసి, బండిని నడిపి చూసిన తరువాతే రెండోది చేయాలన్నది ఈ విద్యలో మొదటి నియమం. రెండింటినీ కలిపి మార్చినవారికి ఫలితం దేనివల్ల వచ్చిందో ఎన్నటికీ తెలియదు.

ఫలితాన్ని చెవితో తేల్చడం ఇక్కడే కష్టమవుతుంది. టాపెట్ చప్పుడును, స్లోలో వచ్చే మిస్‌ను, ఎత్తు ఎక్కేటప్పుడు వినిపించే నాకింగ్‌ను విని పసిగట్టడం మెకానిక్ అనుభవంలో సగభాగం. ఖాళీ సైలెన్సర్ ఆ చప్పుళ్లన్నిటినీ తన మోతలో ముంచివేసి, పెరిగిన శబ్దాన్నే పెరిగిన బలంగా భ్రమింపజేస్తుంది. అందువల్ల సాక్ష్యం కంటికి మారుతుంది. పూర్తి వేగంలో ఉండగానే ఇంజిన్ ఆపి, క్లచ్ పట్టి బండిని నిలిపి, ప్లగ్ విప్పి చూసినప్పుడు నడిమి కడ్డీ చుట్టూ ఉన్న పింగాణీ సున్నం వేసినట్లు తెల్లగా ఉంటే లీన్, పొడి మసితో నల్లబడితే రిచ్, లేత గోధుమ రంగులో ఉంటే లెక్క సరిపోయినట్లు భావిస్తారు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల వాతావరణమూ ఆ లెక్కలో చేరుతుంది. ఎండాకాలపు వేడి గాలి తేలికై మిశ్రమాన్ని కొంత చిక్కబరుస్తుంది, చలికాలపు ఉదయం అందుకు విరుద్ధం. భూపాలపల్లి సింగరేణి గనుల దారుల్లో బొగ్గు దుమ్ముతో ఫిల్టర్ పూడుకుపోయిన బండి రిచ్‌గా కనిపించినా, దాని మందు జెట్‌లో ఉండదు. వీటికి తోడు 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వాడుకలోకి వచ్చింది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉండడం వల్ల అదే జెట్ మీద మిశ్రమం ఇంకా పలచబడుతుంది. సైలెన్సర్ ఖాళీ చేసిన పాత బండి ఈ విధంగా రెండు వైపుల నుంచీ లీన్ అవుతున్నది.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 నిబంధనలు అమలులోకి రావడంతో కొత్త బండ్లలో కార్బొరేటర్ స్థానాన్ని దాదాపుగా ఇంధన ఇంజెక్షన్ ఆక్రమించింది. అయినా సొంత వాహనానికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది కనుక, ఆ నిబంధనలకు కాస్త ముందు కొన్న బండ్లు 2035 వరకు రోడ్డు మీద ఉండవచ్చు, వాటితోపాటు ఈ విద్యా ఉంటుంది. మరోవైపు శబ్ద కాలుష్య ప్రమాణాలను మీరిన వాహనాన్ని నడిపితే మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద 10,000 రూపాయల వరకు జరిమానా గానీ, మూడు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. పోలీసులు పట్టుకున్న తరువాత యజమాని పాత సైలెన్సర్‌ను తిరిగి బిగిస్తాడు గానీ, ఖాళీ సైలెన్సర్ కోసం పెంచిన జెట్‌ను మార్చాలన్న ఆలోచన అతనికి రాదు. అప్పుడు బండి రిచ్ అయి నల్లపొగ వదులుతుంది, మైలేజీ పడిపోతుంది, ప్లగ్ మసిబారుతుంది. అందుకే తీసిన జెట్‌ను చిన్న పొట్లంలో కట్టి, క్లిప్ మొదట ఏ గాడిలో ఉన్నదో, స్క్రూ ఎన్ని చుట్లు విప్పి ఉన్నదో కాగితం మీద రాసి యజమాని చేతికిచ్చే మెకానిక్ మాత్రమే ఈ పనిని పూర్తిచేసినవాడు.