రోలర్ ఏడు నిమిషాలే

ముంబైలో నాగ్‌పాడా పక్క కామాఠీపురా చాల్ ఇళ్ల నుంచి వాంఖడే స్టేడియానికి వెళ్లే మావాళ్లంతా సిక్సర్ల కోసం వెళ్తారు. నేను మాత్రం టెస్టు మ్యాచ్‌లో ఇన్నింగ్స్ మధ్య దొరికే ఆ పది నిమిషాలూ రెప్పవాల్చను. మైదానం పనివాళ్లు ముందు ఎర్రమట్టి పిచ్ మీది పొడి, పెళ్లలు ఊడ్చేస్తారు; ఊడ్చకుండా రోలర్ ఎక్కిస్తే ఆ పెళ్లలే పిచ్‌లోకి దిగబడతాయి. రోలర్ కూడా బ్యాటింగుకు దిగే కెప్టెన్ అడిగితేనే, అదీ ఏడు నిమిషాలకు మించకుండా. ఆపైన స్టంపులకు నాలుగడుగుల ముందుండే క్రీజు గీతకు మళ్లీ తెల్లరంగు, చెయ్యి వణక్కుండా. ఆటయ్యాక బౌలర్లు తవ్విన గుంతలు పూడ్చి దిమ్మిసతో కొడుతుంటే మా చాల్ తాతల కళ్లు మెరుస్తాయి. మేస్త్రీ పనులు చేసిన చేతులు కదా, దిమ్మిస పడే తీరు చూసే మట్టి తడి చెప్పేస్తారు. నోబాల్ అని గొంతు చించుకునే కుర్రాళ్లలో ఆ గీత గీసినవాడి ముఖం ఎరిగినవాడు ఒక్కడుంటే చూపించండి!