పీటర్ చేతి బీరు

అమెరికా పుట్టుకలో బీరు ముచ్చట ఎత్తితే చాలు, అందరూ 1620 నాటి మేఫ్లవర్ ఓడెక్కేస్తారు. బీరు నిండుకోబట్టే ప్లిమత్‌లో దిగారంటారు. అది సగం నిజం. చలి ముంచుకొచ్చింది, తిండీ తరిగింది, తిరుగు ప్రయాణానికి బీరు మిగలాలని ఓడవాళ్లు తొందరపెట్టారు. ఆ కథ అంతటితో సరి. నాకు తాగినవాళ్లకంటే కాచినవాళ్ల మీద మోజెక్కువ.

అప్పట్లో బీరు కాచడం ఎక్కువగా ఇంటి పనే. థామస్ జెఫర్సన్ ఇల్లాలు మార్తా కొత్త కాపురంలో ఇంచుమించు రెండు వారాలకోసారి 15 గ్యాలన్ల పలచని బీరు కాయించేది. కానీ వాళ్ల ఎస్టేటైన మాంటిచెల్లో బీరుకు అసలు పేరు తెచ్చినవాడు పీటర్ హెమింగ్స్. జెఫర్సన్ దగ్గర బానిస. అప్పటికే పేరుమోసిన వంటవాడు. బ్రిటన్‌తో యుద్ధం వల్ల వర్జీనియాలో చిక్కుపడ్డ జోసెఫ్ మిల్లర్ అనే ఇంగ్లిష్ నిపుణుడి దగ్గర 1813లో ఈ విద్య పట్టాడు.

ఏమిటా విద్య? గింజ నానబెట్టి, నేలమీద పరిచి, తిరగేస్తూ మొలకెత్తించాలి. మొలక పొట్టిగా ఉండగానే ఆపితే పిండి సరిగా కరగదు, బారెడు పెరగనిస్తే తీపంతా మొలకే తినేస్తుంది. రాగి మాల్టు చేసే మన అమ్మలకు ఈ పదును తెలుసు. ఎండబెట్టి నలగ్గొట్టిన గింజను వేడినీళ్లలో కలపాలి. మరిగే నీళ్లు పోశామా, పిండిని తీపి చేసే గుణమే చచ్చిపోతుంది. థర్మామీటరు లేని పాతకాలం వాళ్లు ఆవిరి పలచబడి, నీళ్లలో తమ మొహం కనబడేదాకా ఆగేవారు! ఆపైన వడగట్టిన తీపినీళ్లను హాప్స్ పూలతో మరిగించి, చల్లార్చి, ఈస్టు వేయడం.

మాంటిచెల్లోలో బార్లీ బదులు గోధుమ వాడేవారు. బజారు బట్టీలు బుషెల్ (గింజల కొలత) మాల్టుకు 15 గ్యాలన్లు పిండుతుంటే, పీటర్ 8, 10 గ్యాలన్లకు మించనిచ్చేవాడు కాడు. 1820లో జెఫర్సన్ తన మిత్రుడు జేమ్స్ మాడిసన్‌కు రాస్తూ, మీ మనిషిని పంపండి, మావాడు నేర్పుతాడన్నాడు. మరుసటేడు ఒకాయన తయారీ విధానం రాసిమ్మంటే, అలాంటిదేమీ లేదు, ఇది కాగితం చూసి వచ్చే పని కాదని తేల్చేశాడు. యజమానే ఒప్పుకున్న గొప్పతనం. అయినా స్వేచ్ఛ ఇవ్వలేదు. జెఫర్సన్ పోయాక, 1827 వేలంలో పీటర్ బంధువొకడే అతన్ని ఒక్క డాలరుకు కొని విడిపించుకున్నాడు.

ఇక నా మంట చెబుతాను. వాషింగ్టన్ 1757లో రాసుకున్న తయారీని నెత్తిన పెట్టుకుంటారే, అది తవుడూ బెల్లపు మడ్డీ కలిపిన నీళ్లు. పైగా, దేవుడు మనల్ని ప్రేమిస్తున్నాడనడానికి బీరే రుజువని ఫ్రాంక్లిన్ అన్నట్టు చొక్కాల మీద అచ్చేసి అమ్ముతారు. ఆయన రాసింది ద్రాక్షసారా గురించి! ఆ పాత విద్య ఎటుపోయిందంటారా? 1920 నుంచి 1933 దాకా సాగిన మద్యనిషేధం చిన్న బట్టీలను చంపేసింది. ఇంటి బీరుకు చట్టం తలుపు తెరిచింది 1978లో. ఆ మధ్యకాలంలో మొక్కజొన్న, బియ్యం కలిపిన లేత నీళ్లకే జనం నాలుక అలవాటుపడింది. వాటికి తెల్లజుత్తు దేశపితల బొమ్మలు అంటించి ‘పురాతన రుచి’ అంటే నవ్వాలా, ఏడవాలా? బుషెల్‌కు 8 గ్యాలన్ల పాళ్లలో గోధుమ బీరు కాచి, సీసా మీద పీటర్ పేరు వేసి అమ్మండి. అప్పుడు వింటాను మీ చరిత్ర పాఠం.