నడపకుండా చదవడం

సర్వర్లు, నెట్‌వర్కులు, డేటాబేసులు వంటి మౌలిక వసతులను క్లౌడ్ సంస్థ వెబ్‌సైట్‌లో ఒక్కొక్కటిగా బటన్లు నొక్కి ఏర్పాటు చేసుకోకుండా, కావలసినదంతా ఫైళ్లలో రాసిపెట్టి, ఆ రాతను బట్టే వాటిని సృష్టించి, మార్చి, తొలగించే పద్ధతికి ‘ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ యాజ్ కోడ్’ అని పేరు. ఈ పద్ధతిలో విస్తృతంగా వాడుకలో ఉన్న సాధనం టెర్రాఫామ్. దీనిని హాషికార్ప్ సంస్థ 2014లో విడుదల చేసింది. ఇందులో ఒక ఫోల్డర్‌లోని కోడ్ ఫైళ్లన్నీ కలిసి ఒక మాడ్యూల్ అవుతాయి. మాడ్యూల్ బయటినుంచి అడిగే విలువలు వేరియబుల్స్, తిరిగి ఇచ్చేవి అవుట్‌పుట్లు, క్లౌడ్‌లో ఏర్పాటు చేసేవి రిసోర్సులు. క్లౌడ్‌తో మాట్లాడే ప్లగిన్ ప్రొవైడర్. ఆస్తి దస్తావేజు చివర హద్దులు చెప్పే షెడ్యూలు ఉన్నట్టే, మాడ్యూల్ ఏమి అడుగుతుంది, ఏమి ఇస్తుంది, వేటిమీద ఆధారపడుతుంది అని తెలిపే ఈ వివరాలే దాని మెటాడేటా.

ఈ షెడ్యూలును చేత్తో రాసి కోడ్ పక్కన పెట్టే అలవాటు చాలా బృందాల్లో ఉంది. అయితే కోడ్‌లో ఒక వేరియబుల్ కొత్తగా చేరిన నాడు పత్రాన్ని సవరించడం ఎవరికీ గుర్తుండదు కాబట్టి, కొంతకాలానికి కోడ్ ఒక దారిన, పత్రం ఒక దారిన పోతాయి. తప్పు చెప్పే పత్రం పత్రమే లేకపోవడం కంటే ప్రమాదకరం. ఎందుకంటే చదివినవారు దానిని నమ్ముతారు. అందుకే మెటాడేటాను కోడ్ నుంచే రాబట్టాలి.

రాబట్టడానికి తోచే మొదటి మార్గం మాడ్యూల్‌ను టెర్రాఫామ్‌తోనే నడిపించి చూడడం. కానీ నడిపించాలంటే ప్రొవైడర్లను దిగుమతి చేసుకోవాలి, అవి స్వయంగా ప్రోగ్రాములు. చాలా సందర్భాల్లో క్లౌడ్ ఖాతా తాళంచెవులు కూడా అందించాలి. పైగా ‘ఎక్స్‌టర్నల్’ అనే డేటా సోర్స్‌ను, అంటే బయటినుంచి సమాచారం తెచ్చే భాగాన్ని, వాడిన మాడ్యూల్, ఏ మార్పూ అమలు చేయకముందే, కేవలం ప్లాన్ వేసే దశలోనే ఆ యంత్రం మీద వేరొక ప్రోగ్రామ్‌ను నడపగలదు. ఎవరెవరో రాసిన మాడ్యూళ్లను ఒకచోట చేర్చి చూపించే రిజిస్ట్రీ వంటి వేదిక ఇంతటి నమ్మకాన్ని అపరిచితుల మీద పెట్టలేదు.

హాషికార్ప్ రూపొందించిన ‘టెర్రాఫామ్ కాన్ఫిగ్ ఇన్‌స్పెక్ట్’ అనే చిన్న సాధనం ఈ చిక్కును గొప్ప సంయమనంతో పరిష్కరించింది. ఇది ఫైళ్లను పైపైనే చదువుతుంది. సూత్రాలను లెక్కగట్టదు, మాడ్యూల్ పిలిచే పిల్ల మాడ్యూళ్లలోకి దిగదు, వాటి మూలస్థానమూ వెర్షనూ మాత్రం నమోదు చేస్తుంది. వేరియబుల్ రకాన్ని విశ్లేషించబోకుండా అక్షరాల రూపంలోనే అందిస్తుంది. వేరియబుల్స్, అవుట్‌పుట్లు, రిసోర్సుల వంటివాటికి ఫైల్ పేరు, లైను సంఖ్య జతచేస్తుంది. ఫైల్‌లో దోషాలున్నా చేతులెత్తేయకుండా, అర్థమైనంత ఇచ్చి, దోషాలను విడిగా చూపుతుంది. ఇంత తక్కువ ఆశించడం వల్లనే, 2019లో వచ్చిన 0.12 వెర్షన్‌తో భాష బాగా మారినా, అంతకు ముందరి మాడ్యూళ్లనూ తర్వాతివాటినీ ఇది చదవగలుగుతోంది.

దీనిలోని ఒక చిన్న జాగ్రత్త ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ఒక వేరియబుల్‌కు డిఫాల్ట్ విలువ, అంటే వాడుకరి ఏమీ ఇవ్వనప్పుడు వర్తించే విలువ, అసలు రాయకపోవడం వేరు. దానిని ‘నల్’ అని, అంటే శూన్యమని, రాయడం వేరు. మొదటి సందర్భంలో వాడుకరి విలువ ఇచ్చి తీరాలి, రెండో సందర్భంలో ఇవ్వనక్కర లేదు. ఫలితంలో రెండూ ఒకేలా శూన్యంగా కనిపించే వీలుంది కాబట్టి, ‘తప్పనిసరి’ అని సూచించే గుర్తును ఈ సాధనం వేరుగా ఇస్తుంది.

పైపై చదువుకు పరిమితులు లేకపోలేదు. ‘కౌంట్’, ‘ఫర్ ఈచ్’ అనే సూచనలతో ఒకే రిసోర్సును పలుమార్లు సృష్టించమని రాసినచోట, చివరికి ఎన్ని ఏర్పడతాయో విలువలు అందితే తప్ప తేలదు. అలాగే, టెర్రాఫామ్ లైసెన్సు మారిన తర్వాత 2023లో దాని నుంచి విడివడిన ఓపెన్‌టోఫు అనే సాధనం, తన 1.8 వెర్షన్ నుంచి సొంత ఫైల్ పొడిగింపును కూడా అంగీకరిస్తున్నందున, పాత పొడిగింపును మాత్రమే వెతికే సాధనాలకు ఆ ఫైళ్లు కనిపించవు.

అన్నిటికంటే పెద్ద లోటు మాత్రం సాధనాలది కాదు. అమెజాన్ వారి ఆర్‌డీఎస్ డేటాబేసును ఏర్పాటు చేసే మాడ్యూల్‌లో, బ్యాకప్ ఎన్ని రోజులు నిలవ ఉంచాలో చెప్పే వేరియబుల్ ఉందనుకుంటే, అది సంఖ్య అని, డిఫాల్ట్ 7 అని, ఫలానా లైనులో ఉందని సాధనం చెప్పగలదు. కానీ 0 ఇస్తే ఆటోమేటిక్ బ్యాకప్ పూర్తిగా ఆగిపోతుందనే సంగతి, రాసినవారు వివరణలో ప్రస్తావిస్తేనే మెటాడేటాలోకి వస్తుంది. ‘టెర్రాఫామ్ డాక్స్’ వంటి సాధనాలు ఆ వివరణను ఉన్నదున్నట్టు రీడ్‌మీ పట్టికలోకి ఎక్కిస్తాయి. ఖాళీగా ఉంటే అవి సొంతంగా వివరణ కల్పించవు. మాడ్యూల్ రాసేవారు వేరియబుల్ పేరునే మరోసారి వివరణగా రాసి సరిపెట్టకుండా, విలువ ఏ కొలమానంలో ఇవ్వాలో, ఎంతవరకు ఇవ్వవచ్చో, ఏ విలువ ఇస్తే ఏది ఆగిపోతుందో అక్కడే, ఆ ఒక్క వరుసలోనే, రాసిపెట్టాలి.